జహీరాబాద్‌లో ఎవరూ ఏమీ అడగని వీధి

మా చిన్నమ్మ కూతురు సుజాతది కోహీర్. ఇద్దరు పిల్లల తర్వాత మళ్లీ నెల తప్పింది. ఈ కాన్పు వద్దని మొగుడూ పెళ్లాం కలిసే అనుకున్నారు. చట్టం ఒప్పుకుంటుంది, ఆలస్యమైతే మాత్రం ఒప్పుకోదు. అయినా పోయిన వారం జహీరాబాద్ దవాఖాన గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేసింది. కడుపు తీయించుకోవద్దంటూ కరపత్రాలు పంచేవాళ్లు చుట్టుముట్టారట. అంతకంటే ఘోరం, మనవాళ్లు ప్రేమగా అడిగే ఆ ప్రశ్న: "ఎవలింటోళ్లు బిడ్డా? ఏం తక్లీఫ్?" జవాబిస్తే సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. ఇంతలో మున్సిపాలిటీ తీర్మానం చేసింది. గేటుకు అటూ ఇటూ గీసిన తెల్లగీతల మధ్య ఆడవాళ్లను ఆపినా, ఆరా తీసినా, ఫొటో తీసినా జరిమానా! సోమవారం నుంచే అమలు అని వినగానే నాకు కాలు నిలవలేదు.

లింగంపల్లిలో పొద్దున్నే బస్సెక్కితే సంగారెడ్డి మీదుగా రెండున్నర గంటల ప్రయాణం, టికెట్ రెండు వందల దాకా అవుతుంది. బస్టాండులో సుజాతను కలుపుకుని ఆటో మాట్లాడాను. దవాఖాన అనగానే డ్రైవరన్న వెనక్కి తిరిగాడు.

"ఎవలింటోళ్లమ్మా మీరు? ఎవలికి..." అని నాలుక కరుచుకున్నాడు. "జర మాఫ్ చెయ్యిన్రి. నోటికి అలవాటైంది. మా ఇంటామె గూడ ఒకపారి గట్లనే ఏడ్చుకుంట మళ్లొచ్చింది."

కరపత్రాలవాళ్లు గీత అవతలే నిలబడ్డారు. హమ్మయ్య అనుకుంటుండగా సుజాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎవరూ గీత దాటకుండా చూడమని మున్సిపాలిటీ గేటు దగ్గర కాపలా కూర్చోబెట్టిన మహిళా సంఘం మనిషి ఎవరనుకున్నారు? సుజాత అత్తగారి పక్కింటి కమలమ్మ! కోహీర్‌లో ఏ కబురైనా ముందు ఆమెకే చేరుతుంది.

"ఓ బిడ్డా, నువ్వేంది..." అంటూ కమలమ్మ లేచింది. అంతలోనే ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని, కుర్చీని గోడవైపు తిప్పేసి కూర్చుంది. "పోయేటోళ్లు పోన్రి. నేనెవల్నీ చూడలే."

సుజాత తల ఎత్తుకుని లోపలికి నడిచింది. నాకైతే వీధిలోనే ఈల వేయాలనిపించింది! మధ్యాహ్నం బయటికొచ్చి, "మాత్రలిచ్చిన్రు అక్కా. ఇగ ఫికర్ లేదు. ఆకలైతుంది" అంది. హైవే పక్క హోటల్లో జొన్నరొట్టె, పుంటికూర ఇద్దరం పోటీపడి తిన్నాం.

ఒక ఊరు చేసుకున్న నియమం ఇంత పని చేస్తే, రాష్ట్రమంతటికీ చట్టమే వస్తే ఎంత బాగుంటుంది! ఎదురయ్యే కమలమ్మ మంచిదా చెడ్డదా అన్న బెంగతో ఏ ఆడపిల్లా దవాఖానకు పోనక్కర్లేదు. వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: తోడుగా వెళ్తే వెళ్లండి గాని, లోపల ఏం జరిగిందని మీరూ అడగకండి.