మా అయ్య చదివించుకున్న పుస్తకం

మా చిన్నప్పుడు... జాలరిపేటలో మా ఇంటి ముందు, సాయంత్రమయ్యేసరికి అయ్య చిరిగిన వల ఒళ్ళో పరుచుకుని కూర్చునేవాడు. పక్కన చాప మీద నేను, ఇద్దరికీ అర్థం కాని పుస్తకమొకటి గట్టిగా చదువుతూ ఉండేదాన్ని. దారిన పోయేవాళ్ళు నవ్వేవారు.

"ఏటి బావా, సన్నాసుల్లో కలిసిపోతావేటి?"

అయ్య తలెత్తేవాడు కాదు...

ఆ చదువు ఎందుకు మొదలైందో చెప్పాలి. తొంభైల చివర్లో ఒకరోజు అయ్యా, మా అన్నయ్య నూకరాజూ తెప్ప మీద వేటకెళ్ళారు. తిరిగి ఒడ్డుకొస్తుంటే పెద్ద కెరటం లేచి తెప్పని బోర్లా తిప్పేసింది. అయ్య ఒక్కడే ఈదుకుంటూ వచ్చాడు. అన్నయ్యకి అప్పుడప్పుడే మీసాలు వస్తున్నాయి... ఊరంతా కలిసి వెతికినా శవం కూడా దొరకలేదు.

అమ్మ అయ్యని ఒకే ఒక్క మాట అడిగింది. "పిల్లోణ్ణి ఒగ్గీసి నువ్వెలాగొచ్చీసినావు?"

అయ్య తలొంచుకుని బయటికి నడిచాడు. ఆ తర్వాత ఇంట్లో వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు. అన్నం గిన్నె ఆయన ముందు పెట్టి అమ్మ పక్కకెళ్ళిపోయేది. అయ్య గంగమ్మ గుడికి వెళ్ళడం మానేశాడు. "అంతా రాత" అని ఎవరైనా ఓదార్చబోతే లేచి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని, జగదాంబ జంక్షన్ దగ్గర రోడ్డు పక్కన పాత పుస్తకాలు అమ్మే ముసలాయన దగ్గరికి వెళ్ళాడు. అయ్యకి కూడబలుక్కుని చదవడం వరకే వచ్చు.

"సచ్చిపోయినోళ్ళు ఎక్కడికెల్తారో రాసిన పుస్తకం ఏటైనా ఉందా బాబూ?"

ఆయన అయ్య ముఖంలోకి కాసేపు చూశాడు. గుట్ట అడుగునుంచి అట్ట ఊడిపోయిన వేదాంతం పుస్తకం ఒకటి తీసి చేతిలో పెట్టాడు.

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఆ పుస్తకంలో ఒక్కో వాక్యం మా వీధంత పొడుగు. అన్నీ నోరు తిరగని సంస్కృతం మాటలే. బళ్ళో తెలుగు టీచరమ్మని అడిగి అర్థాలు తెలుసుకుని వచ్చేదాన్ని. అయినా ముందుకి సాగేది కాదు. "ఆగు గుంటా... మళ్ళా సదువు" అనేవాడు అయ్య. ఒక్క వాక్యం దగ్గరే రోజులు గడిచిపోయేవి. ఒక్కోసారి కోపమొచ్చేది ఆయనకి.

"ఇది రాసినాయనకి పిల్లలున్నారేటి?"

"తెల్దయ్యా."

"ఉండుండరు..."

అలా చదువుతూ చదువుతూ ఒక పేజీ దగ్గరికొచ్చాం. కెరటం లేచినా విరిగినా నీళ్ళు నీళ్ళే, పుట్టుకా చావూ అంతే... అని దాని భావం. సగంలో ఏం చదువుతున్నానో నాకే తెలిసి ఆగిపోయాను. అయ్య నా చేతిలోంచి పుస్తకం లాక్కుని ఇసుకలోకి విసిరేసి, సముద్రం వైపు నడిచి వెళ్ళిపోయాడు.

అమ్మ చేపల తట్ట కడుగుతోంది. లేచి వచ్చి, పుస్తకానికి అంటిన ఇసుక దులిపి, గోడ గూట్లో పెట్టింది.

చాలా రోజుల తర్వాత అయ్యే అడిగాడు. "ఆ కెరటం ముక్క మళ్ళా సదువు." చదివాను. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. వింటూ వల ముడులు వేసుకునేవాడు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి చేతులాపాడు.

"ఇది రాసినాయన ఒడ్డున కూకుని రాసినాడే. ఆయనకి కెరటమంటే నీళ్ళే. నాకలగ కాదు. నూకరాజెక్కడికెల్లిపోనాడో ఆయనకీ తెల్దు, నాకూ తెల్దు. తెలిసినోడెవుడో ఉంటాడని ఇన్నాళ్ళూ ఎతుకుతన్నాను..."

గుమ్మంలో కూర్చున్న అమ్మ వైపు తిరిగాడు.

"ఆడి సెయ్యి నాను ఒగ్గలేదే. జారిపోనాది. మళ్ళా మునిగినాను... మళ్ళా మునిగినాను... దొరకలేదు."

"ఇన్నాళ్ళూ సెప్పలేదేటి?" అంది అమ్మ.

"నాకే నోరు రానేదు. ఈ పుస్తకంతో తగువాడగా ఆడగా, ఇయ్యాల్టికొచ్చింది."

అమ్మ వచ్చి ఆయన పక్కన కూలబడి, ఆ వలలోనే ముఖం పెట్టుకుని ఏడ్చింది. అన్నయ్య పోయాక వాళ్ళిద్దరూ కలిసి ఏడవడం అదే మొదలు...

అయ్య మళ్ళీ గుడికి వెళ్ళలేదు. కానీ వేటకెళ్ళే ముందు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, దోసిలితో నీళ్ళు తీసి వదిలేవాడు. ఎవరికి దండం పెడుతున్నావయ్యా అని అడిగాను.

"తెల్దే. తెలీకుండానే పెడతన్నాను."

ఆ పుస్తకం మేమెప్పుడూ పూర్తి చేయలేదు. అమ్మ పోయింది, తర్వాత అయ్యా పోయాడు. నేను పెళ్ళయి గాజువాక వచ్చేశాను.

ఇప్పుడు పొద్దున్నే ఫోన్ తెరిస్తే పువ్వుల బొమ్మల మీద ఆత్మకి చావు లేదని వస్తుంది. కింద వంద దండాలు... వేలితో పైకి తోసేస్తాం. ఒక్క మాట నిజమో కాదో తేల్చుకోవడానికి నెలల తరబడి దాని ముందు కూర్చునే మనుషులు ఏమైపోయారో...

అన్నయ్య ఎక్కడున్నాడో ఇప్పటికీ తెలియదు నాకు. ఇప్పుడు ముగ్గురూ ఎక్కడున్నారో తెలియదు.

మీ ఇంట్లో కూడా ఎవరైనా ఇలా ఒక పుస్తకంతో పోట్లాడి ఉంటే... వాళ్ళ గురించి ఒక్క ముక్క రాయరూ?