అబ్రహాము చెప్పిన ఆఖరి ఎపిసోడ్

నాకు టీవీ సీరియళ్లంటే ఒళ్లుమంట. చూసేది మా ఆవిడ నసీమా. నేను పక్కన కూర్చుని తిడతాను, అంతే. తిట్టాలంటే చూడాలి కదా, అందుకని రెండేళ్లుగా ఒక్క ఎపిసోడ్ కూడా తప్పిపోలేదు.

గిలకలదిండి రేవులో నాది ఐసు వ్యాపారం. వేటకు వెళ్లే మరబోట్లకు ఐసు ఎక్కిస్తాను. నా షెడ్డు పక్కనే అబ్రహాము పాక. చిరిగిన వలలు బాగుచేయడం ఆయన పని. పాతికేళ్లు సముద్రం మీద తిరిగిన మనిషి. అయిదేళ్ల కిందట బోటు మీద తాడు తెగి మోకాలికి కొట్టింది. అప్పట్నుంచి ఒడ్డున కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకోక భార్య సుమలతతో కలిసి సీరియల్ చూడటం మొదలుపెట్టాడు. అదే ఆయన్ని మళ్లీ మనుషుల్లో పడేసింది.

ఎలాగంటారా? బోటు వేటకెళితే పది రోజులు రాదు. ఒడ్డు కనుమరుగైతే ఫోనుకు సిగ్నల్ ఉండదు. ఆ పది రోజుల్లో సీరియల్లో ఎవరు ఎవరికి విషం పెట్టారో బోటువాళ్లకు తెలిసే దారి లేదు. ఒడ్డుకొచ్చి, సరుకు వేలంపాటకి వేసి, చిరిగిన వల భుజాన వేసుకుని అబ్రహాము పాకకి వచ్చేవాళ్లు. వల కుడుతూ ఆయన కథ చెప్పేవాడు. చిన్న చిరుగైతే ఒక ఎపిసోడ్. పెద్ద చిరుగైతే ఫ్లాష్‌బ్యాక్ కూడా.

ఆయన చెప్పే పద్ధతి వేరు. టీవీలో కోడలు అనూష మూడు రోజులు ఏడిస్తే ఆయన "ఏడ్చింది, అయిపోయింది" అని దారం కొరికేవాడు. అత్త ఇందిరాదేవి మెట్లు దిగడానికి టీవీవాళ్లకి ఒక పూట పడితే, ఈయన మాటల్లో ఆవిడ ఎప్పుడో దిగిపోయి కోడలి పాలల్లో మందు కలిపేసేది. అసలు సీరియల్ కంటే ఇదే బాగుండేదని ఒప్పుకోవడానికి నాకు కష్టంగానే ఉంది, కానీ నిజం.

వినేవాళ్లు ఊరికే వినేవాళ్లు కాదు. బోటులో వంట చేసే సుబ్బారావుకి ఆ ఇంటి భోజనాల మీద పెద్ద కోపం.

"అంత పెద్ద టేబులు చుట్టూ పన్నెండు మంది కూర్చుంటారా, గొడవ పెట్టుకుని లేచిపోతారా? ఆ వండిందంతా ఏం చేస్తున్నారు బాబాయ్? నాలుగొందల ఎపిసోడ్లలో ఒక్కడన్నా చేప ముల్లు తీసుకుని తిన్నాడా?"

అదే బోటు డ్రైవరు నాంచారయ్య మాత్రం హీరో కృష్ణచైతన్య పక్షం. "కుర్రోడు మంచోడు. ఇంట్లో ఆడాళ్ల మధ్య నలిగిపోతున్నాడు. నాలుగు రోజులు వేటకొస్తే సర్దుకుంటాడు" అనేవాడు. ఇంట్లో నసీమా అభిప్రాయం ఇంకోటి: అత్త రాక్షసే గానీ, ఆవిడ జాకెట్లు కుట్టే టైలరు ఎవరో కనుక్కోవాలి.

ఇలా సాగుతుండగా వాళ్ల బోటులో పనికి విక్రమ్ అనే కొత్త కళాసీ చేరాడు. నాగాయలంకవాడు, పాతికేళ్లుంటాయి. వాడి ఫోను అరచేతిలో పట్టదు.

"ఇంకా కథ చెప్పించుకోవడం ఏంటండీ? ఒడ్డు మీద ఉండగానే నేను డౌన్‌లోడ్ చేసి బోటులోకి తెస్తా. ఒకటిన్నర స్పీడులో పెడితే పది ఎపిసోడ్లు పూటలో లేచిపోతాయి" అన్నాడు.

అబ్రహాము ఆ సాయంత్రం నా షెడ్డుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏవయ్యా ఆసిఫ్, మోకాలు పోయినప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు. వల ఎవడైనా కుడతాడు. వీళ్లు నా దగ్గర కూర్చునేది కథ కోసం. అది కూడా పోతే నన్నెవరు పలకరిస్తారు?"

నాకు జాలేసింది. అయినా నా నోరు మంచిది కాదు కదా. "పోతే పోయింది, పని తొందరగా అవుతుంది" అన్నాను. ఇప్పటికీ ఆ మాటకు సిగ్గుపడతాను.

సరిగ్గా వాళ్ల బోటు సముద్రం మీద ఉండగా సీరియల్ అయిపోయింది. ఆ ఆఖరి ఎపిసోడ్ తీసినవాళ్లను ఏమనాలో తెలియదు. ఇందిరాదేవి మారిపోతుంది, అందరూ కౌగిలించుకుంటారు, అక్కడితో ఆపొచ్చు కదా! కృష్ణచైతన్య మొక్కు తీర్చుకోవడానికి పడవెక్కి సముద్రంలోకి వెళ్తాడు. గాలివాన. పడవ తిరగబడుతుంది, మనిషి దక్కడు. అనూష ఒడ్డున నిలబడి ఉండగా శుభం కార్డు. శుభమట! నసీమా రిమోటు మంచం మీదకి విసిరింది. నేను అన్నం మానేశాను, కోపంతోనే.

సోమవారం బోటు ఒడ్డుకొచ్చింది. విక్రమ్ రెండు రోజులకని ఇంటికెళ్లాడు. మిగతావాళ్లు పాకకి చేరారు. విక్రమ్ ఫోను పట్టుకుని తిరిగొస్తే ఇక తన కథ ఎవరూ వినరన్న భయంతో అబ్రహాము కథ సాగదీయడం మొదలుపెట్టాడు. ఎన్నడూ లేనిది ఇందిరాదేవి చేత మెట్లు కూడా మెల్లగా దింపించాడు. మంగళవారం సాయంత్రానికి ఆఖరి ఎపిసోడ్ ఒక్కటి మిగిల్చి, "రేపు పొద్దున్న చెప్తా" అని సూది పక్కన పెట్టాడు. జనం గిలగిల్లాడారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

తెగేదాకా లాగకూడదంటారు. బుధవారం పొద్దున్న బోటు బయల్దేరుతుందన్న సంగతి ఆయన మర్చిపోయాడు. మా రేవులో ఒక కట్టుబాటు ఉంది. బోటు కదిలే రోజున ఒడ్డు మీద చావు మాట ఎవరూ ఎత్తకూడదు. అందులో నీళ్లలో చావు! ఒకసారి నేను "ఈ ఎండకి చచ్చిపోతున్నాం" అన్నందుకు నాంచారయ్య ఆ రోజు ప్రయాణమే మానుకున్నాడు. ఎక్కించిన ఐసంతా కరిగిపోయింది.

బుధవారం పొద్దున్న. బోటు ముందు కొబ్బరికాయ, కర్పూరం సిద్ధం. నాంచారయ్య వచ్చి, "చెప్పు బాబాయ్, కుర్రోడు పడవెక్కాడు. తర్వాత?" అన్నాడు.

అబ్రహాము నోరు తెరిచాడు. కొబ్బరికాయ వంక చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకి. నా వంక చూశాడు. నాకు తెలుసని ఆయనకి తెలుసు. నా నోట్లో నువ్వుగింజ నానదని కూడా తెలుసు.

"పడవ తిరగబడింది" అన్నాడు మెల్లగా. అందరూ బిగుసుకుపోయారు. "తిరగబడితే? ఖాళీ నీళ్ల క్యాను తేలుతూ వచ్చింది. గట్టిగా పట్టుకున్నాడు. హంసలదీవి ఎదురుగా మన గిలకలదిండి బోటే ఒకటి చూసింది. పైకి లాగారు. పాదాలు రుద్దారు. వంటాయన వేడివేడిగా చారన్నం, ఎండుచేపలు పెట్టాడు. తిన్నాడయ్యా! ముల్లు తీసుకుని మరీ తిన్నాడు."

సుబ్బారావు కళ్లు తుడుచుకున్నాడు. "మొత్తానికి ఒకడు తిన్నాడు" అన్నాడు.

నేను జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను. కొబ్బరికాయ కొట్టారు. ఇంజను మోగింది. సరిగ్గా అప్పుడు విక్రమ్ పరుగెత్తుకుంటూ వచ్చి బోటెక్కి, ఫోను పైకెత్తి అరిచాడు. "మొత్తం డౌన్‌లోడ్ అయిపోయింది!"

అబ్రహాము అలాగే పాక గుంజ పట్టుకుని నిలబడిపోయాడు.

ఆ పది రోజులూ ఆయన సరిగా తినలేదని సుమలత నాతో చెప్పింది. ఆయనేమో, "అబద్ధాలకోరు అంటారు ఆసిఫ్. కథలో అబద్ధం చెప్పినవాడు వల ముడి మాత్రం నిజాయితీగా వేస్తాడా అంటారు" అని నా దగ్గర కుమిలిపోయాడు. నేను ధైర్యం చెప్పబోయాను గానీ, నాకూ ధైర్యం లేదు.

బోటు వచ్చింది. ఈసారి సరుకు వేలానికి వేయకముందే అందరూ నేరుగా పాకకి నడిచారు. నాంచారయ్య ముఖం గంభీరంగా ఉంది. నేను ఐసు వదిలేసి వెళ్లి అబ్రహాము పక్కన నిలబడ్డాను.

"ఫోన్లో చూశాం బాబాయ్" అన్నాడు నాంచారయ్య.

అబ్రహాము తల దించుకున్నాడు.

"తప్పు తీశారు వాళ్లు. ఒడ్డుకి అంత దగ్గర్లో పడవ తిరగబడితే చుట్టుపక్కల బోట్లు చూస్తా ఊరుకుంటాయా? సముద్రం మొహం చూసినోడు తీసింది కాదది. నువ్వు చెప్పిందే కరెక్టు."

"నడిసముద్రంలో అది చూశాక ఎవరికీ ముద్ద దిగలేదు. నేను వండింది వండినట్టే ఉంది" అన్నాడు సుబ్బారావు. "ఫోను కట్టేయించి, నువ్వు చెప్పినట్టు చెప్పమని ఈ విక్రమ్‌ని కూర్చోబెట్టాం. వీడికి తెలీదు కదా, మేమే అందించాం. అయినా క్యాను బదులు టైరు అన్నాడు. ఎండుచేపలు మర్చిపోయాడు. ఏం చెప్పడం అది!"

విక్రమ్ తల గోక్కున్నాడు. "నాకు చెప్పడం రాదు బాబాయ్. నేను మాత్రం నీ నోట ఎక్కడ విన్నాను?"

అబ్రహాము కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు కూడా. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అందరూ వల దింపి చుట్టూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను, తిట్టడానికి కాదు.

సూదిలో దారం ఎక్కిస్తూ అబ్రహాము అడిగాడు. "ఎక్కణ్ణుంచి చెప్పమంటారు?"

"నీళ్లలో పడ్డ దగ్గర్నుంచి" అన్నాడు నాంచారయ్య.