పూత మీద బేరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో మామిడి పూత చూసే కాయల రుచి చెప్పేవాళ్లు. మాది చిత్తూరులో పండ్ల అంగడి. చెట్లు పూతలో ఉండగానే తోట కాపంతా మాట్లాడుకోవడం మా వ్యాపారంలో వాడుక. ఆ తర్వాత కాసినా రాలినా కొన్నవాడిదే. ఆ ఏడు నాయన ఒక పెద్ద తోట మీద మనసు పడ్డాడు. ముందుగా కట్టాల్సిన బయానా అంత చేతిలో లేక అంగడినే హామీ పెడతానన్నాడు. నేనూ తక్కువదాన్ని కాదు. రాబోయే కాయలకు బదులుగా పక్కింటి అక్క దగ్గర రెండు రిబ్బన్లు ముందే పుచ్చుకుని జడలకు కట్టేసుకున్నాను.

బేరానికి ముందురోజు తిరుపతి నుంచి మా మామ వచ్చాడు. అక్కడ బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు. నాయన మాటలన్నీ విని, అమ్మతో మెల్లగా, "అక్కా, బావది ఓవర్ ఆప్టిమిజం" అన్నాడు. నాయనకు ఏదో బిరుదు వచ్చిందనుకుని అర్థం అడిగాను. ఆశ మితిమీరడం అన్నాడు. ఆశపడకుండా వ్యాపారం ఎవరు చేస్తారని ఎదురు తిరిగాను. రేపు తోటలో చూపిస్తాలే అని ఊరుకున్నాడు.

తోటలో ఆకు కనపడనంత పూత. నాయనా, తోట ఆసామీ తుండుగుడ్డ కింద చేతులు కలిపి వేళ్లతో బేరం మొదలుపెట్టారు. ధర పక్కవాళ్లకు తెలియకూడదని అలా చేసేవారు. మరో వ్యాపారి రెండడుగుల దూరంలో నిలబడి గుడ్డ కదలికనే చూస్తున్నాడు. అలాంటప్పుడు బంధువులు నోరు విప్పకూడదు. విప్పితే బేరం చెడగొట్టాడన్న పేరు చచ్చేదాకా పోదు. మామ ఒక కొమ్మ ఆకులు తాకి వేళ్లు చూసుకున్నాడు. నన్ను పిలిచి, పక్క చెట్టు ఆకులు నిమిరి రమ్మన్నాడు. నిమిరాను. పూతలోంచి చిన్న చిన్న పురుగులు లేచాయి. అరచెయ్యంతా బెల్లం పాకంలా జిగురైంది.

"ఇది తేనెమంచు. ఈ పురుగు రసం పీల్చిందంటే పూత మాడి రాలిపోతాది," అని చెవిలో చెప్పాడు. "ఆశ తప్పు కాదు పాపా. ఆకు తాకి సూడకుండా ఆశపడతారే, నిన్నటి ఇంగ్లీషు మాట దానికి వాడతారు. పో, మీ నాయన చెయ్యి పట్టుకో."

గుడ్డ కదలిక నెమ్మదిస్తోంది. ఆగిందంటే బేరం కుదిరినట్టే, అంగడి తాకట్టు పడినట్టే. పరుగెత్తి నాయన ఎడమ చెయ్యి పట్టుకున్నాను. విసుగ్గా విదిలించుకున్నాడు. తర్వాత ఎందుకో వేళ్లు రుద్దుకున్నాడు. నా వంక చూశాడు, చెట్టు వంక చూశాడు. కుడిచెయ్యి మెల్లగా గుడ్డలోంచి బయటికి వచ్చింది.

"ఏం శెట్టీ, చెయ్యి తీసేస్తివే?" అన్నాడు ఆసామి.

"పూత శానా బాగుండాదన్నా. పిందె నిలబడినాక వస్తా," అన్నాడు నాయన.

ఆ మాట పూర్తికాకముందే రెండో వ్యాపారి నవ్వుకుంటూ గుడ్డ కింద చెయ్యి పెట్టేశాడు. మేం ఆయనకు ఏమీ చెప్పలేదు. పోటీవాడికి చెప్పడం మా వాడుకలో లేదు.

కొన్నాళ్లకే ఆ తోట పూతంతా నల్లబడి రాలింది. మా అంగడి మాకు మిగిలింది. ఆ రెండో వ్యాపారి అంగడి మరుసటి ఏడు తెరుచుకోలేదు. నేను పక్కింటి అక్కకు ఒక రిబ్బను తిరిగిచ్చాను. రెండోది అప్పటికే ఎక్కడో పారేసుకున్నాను.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. వంకాయలు కొన్నా తొడిమ కింద చూడందే సంచీలో వేయను. ఏ బేరమైనా మరీ తియ్యగా ఉందనిపిస్తే అరచెయ్యి చీరకు తుడుచుకుంటాను, మనవరాలు నవ్వుతుంది. ఆ జిగురు ఆనాడే బావి దగ్గర కడిగితే పోయింది. ఆ చెయ్యి ఆ రెండో వ్యాపారికి కూడా చూపించి ఉండాల్సిందన్న మాట మాత్రం మనసులోంచి ఇంకా పోలేదు.