కిటికీకి నాలుగు వేళ్ళ సందు

ఈ ఉదయం మా ఎదుటి ఫ్లాట్ కిటికీ పూర్తిగా మూసి ఉంది. ఒమన్‌లోని ఈ రూవిలో ఎంత ఎండ కాసినా, లోపల ఏసీ తిరుగుతున్నా, ఆ కిటికీకి నాలుగు వేళ్ళ సందు ఉండేది. ఆ సందు ఉంచే బాబాయిగారు నిన్న మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు అడిగి, గ్లాసు వచ్చేలోపే పోయారు.

ఆయన మాకు చుట్టం కాదు. విశాఖపట్నం మనిషి. మా నాన్న స్టోర్స్ చూసే కంపెనీలోనే కూలింగ్ మెషీన్లు బాగుచేసేవారు. ఒమన్ విడిచి వెళ్తూ ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఆయనకొక పాత పుస్తకం ఇచ్చాడు. ఇటలీ జలాంతర్గాముల చరిత్ర. బాబాయిగారికి ఇంగ్లీషు మాట్లాడడం వచ్చు, చదవడం అంతంతమాత్రం. శుక్రవారం ఉదయాలు నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. నలుగురిలో నోరు పెగలని నాకు ఆ కుర్చీ పక్కన మాట వచ్చేది.

రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ దిగిన నెలలోనే ఎర్రసముద్రపు రేవు నుంచి బయలుదేరిన ఇటలీ జలాంతర్గాములు నాలుగు పోయాయి. అందులో ఒకటి ఈ ఒమన్ సముద్రంలోనే మునిగింది. చచ్చిన కప్ప కాళ్ళు కరెంటుకి కదలడం చూసిన శాస్త్రవేత్త పేరు దానికి పెట్టారని చెప్పాను.

"పాపం, ఆ కప్పకి రెండో చావు కూడానా!" అన్నారు.

ఒక్క పేజీ మాత్రం మళ్ళీ మళ్ళీ చదివించేవారు. ఇంకో జలాంతర్గామిలో చల్లదనమిచ్చే యంత్రం నుంచి గ్యాస్ కారింది. ఎవరికీ తెలియలేదు. నావికులు కారణం లేకుండా నవ్వారు, ఏడ్చారు, తూలారు. చివరికి అది పగడపు దిబ్బకెక్కింది.

"ముందు ఏటయిందమ్మా? నవ్వా, తూలడమా?"

"అంత వివరంగా రాయలేదు బాబాయిగారూ."

"రాసినోడు లోపల లేడు కదా. మీటరు కంటే ముందు మనిషి మొహం చెప్తాదమ్మా."

పోయిన వేసవిలో ఒకరోజు నాన్నకి క్యారియర్ తీసుకుని గోడౌనుకి వెళ్ళాను. అక్కడి కోల్డ్ స్టోర్‌కి ఒక పాత ఓడ నుంచి విప్పి తెచ్చిన మెషీన్ బిగించారు. దానిలోని గ్యాస్ ఆ జలాంతర్గాముల కాలం నాటిదే, మార్చలేదు. నేను వెళ్ళేసరికి జగిత్యాల నుంచి వచ్చిన పనివాడొకతను తలుపు చెక్కకి భుజం కొట్టుకుంటూ బయటికి వచ్చి నవ్వుతున్నాడు.

"పీకే ఆయా క్యా?" అని ఫోర్‌మన్ అరిచాడు. డ్యూటీలో తాగినవాణ్ణి మర్నాడే ఊరికి పంపేస్తారు.

"తాగలే సార్, అమ్మతోడు. ఎందుకో నవ్వొస్తున్నది," అన్నాడతను. అంటూనే నవ్వాడు. అతని కళ్ళలో భయం కనిపించింది.

బాబాయిగారు చేతిలోని పానా పడేసి వచ్చారు. "తాగలేదు. లోపల ఇంకెవరున్నారు?"

"ఇద్దరున్నరు."

"మెషీన్ ఆపండి. తలుపు మొత్తం తియ్యండి."

"మాంసం పాడైతే జవాబు ఎవరు చెప్తారు?" అని ఫోర్‌మన్ హిందీలో అడ్డుపడ్డాడు. బాబాయిగారు తలుపు తీసి, మూసుకోకుండా పనిముట్ల పెట్టెని అడ్డంగా తోసి నా వైపు తిరిగారు.

"అమ్మా, ఇలా రా. వాసనేమైనా వస్తోందా?"

పదిమంది మగవాళ్ళు నన్నే చూస్తున్నారు. తల మాత్రం ఊపాను.

"గట్టిగా చెప్పమ్మా!"

"వస్తోంది. తియ్యగా... కొంచెం."

ఆయన ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళారు. ఒకణ్ణి చంకల కింద పట్టి లాక్కొచ్చి, గట్టిగా గాలి పీల్చుకుని మళ్ళీ వెళ్ళారు. ఆ రెండోసారి ఎంతసేపో నాకు తెలియదు. క్యారియర్ పిడి నా అరచేతిలో అచ్చు పడింది. రెండోవాడు బయటికి వచ్చి, వాంతి చేసుకుని, ఏడ్చాడు. ముగ్గురూ బతికారు. తాగుడు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఆయన నాతో, "నువ్వు చెప్పబట్టేనమ్మా," అన్నారు. పెద్దవాళ్ళు పిల్లల్ని మెచ్చుకునే మాటనుకున్నాను.

ఇప్పుడు ఆ జగిత్యాల మనిషి మా మెట్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు. బాబాయిగారి ఇంట్లో అగరొత్తుల పొగ. పిన్నిగారు చెయ్యి చూపితే వెళ్ళి కిటికీ తెరిచాను, నాలుగు వేళ్ళు పెట్టి కొలిచి. పొగ ఆ సందులోంచి సన్నగా బయటికి సాగింది.

"కంపెనీలో ఎవరికీ చెప్పలేదమ్మా, పని పోతాదని," అన్నారు పిన్నిగారు.

చిన్నప్పుడు వచ్చిన జ్వరం తర్వాత బాబాయిగారికి ఏ వాసనా తెలిసేది కాదట.