రత్నమాణిక్యం గారి నిద్రమందు

రత్నమాణిక్యం గారింటికి వెళ్లినవాళ్లెవరూ నిద్రపోకుండా తిరిగి రాలేదు. ఉప్పుకు వెళ్లినా అంతే, నిప్పుకు వెళ్లినా అంతే. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆవిడ మన కళ్ల కింద పరీక్షగా చూసి, "రాత్రి నిద్ర పట్టిందా?" అనేవారు. లేదన్నామా, చాప పరిచేసేవారు. పట్టిందంటే నమ్మేవారు కారు.

కడియం దగ్గర కాలువ మీద పడవలు కొత్తగా తిరుగుతున్న రోజులవి. ఆవిడ ఎదురింట్లో నేను వీధిబడి నడిపేవాణ్ణి. ఊరి ఆడవాళ్లందరికీ వైద్యం ఆవిడదే. కాలు బెణికినా, కడుపు నొచ్చినా ముందు నిద్ర, తర్వాతే మందు. పెళ్లిసంబంధం మాట్లాడటానికి వచ్చిన ఒక పెద్దమనిషి దారిలో ఆవిడ అరుగు మీద కూర్చున్న పాపానికి, లేచేసరికి ఆ పిల్లకి వేరేచోట తాంబూలాలు మార్చేసుకున్నారు. నేను జలుబుకు మిరియాలడగబోయి పొద్దు వాలాక లేచాను. పిల్లలు బడికి సెలవిచ్చేసుకుని వెళ్లిపోయారు.

"మందేదండీ?" అన్నాను.

"పుచ్చుకున్నావుగా నాయనా," అన్నారావిడ.

ఒకరోజు పెద్దింట్లమ్మ తన కోడలు పాపాయిని వెంటబెట్టుకొచ్చింది. పెద్దింట్లమ్మ కొడుకు చినబాబు పడవ నడుపుతాడు. ఆవిడది ఎంత పెద్ద గొంతంటే, రహస్యం చెప్పినా నా బడిలో ఎక్కాలు ఆగిపోతాయి.

"పెళ్లై ఆరేళ్లండి. కడుపు పండలేదు. పైగా మూత్రంలో మంట, గడియకోసారి లేస్తుంది. నెలసరికి ఓ లెక్కా పత్రం లేదు. మాఘంలో మా వాడికి ఇంకో పిల్లని చూస్తున్నానండి. ఆఖరుగా మీకు చూపించి పోదామని."

రత్నమాణిక్యం గారు పాపాయిని అడిగారు. "ఎప్పుడు లేస్తావమ్మాయ్?"

"మూడో జాముకండి. దంపుడు ఉంటుంది కదండి."

"పడుకునేది?"

"పడవ వచ్చాకండి."

"పడవ ఎప్పుడొస్తుంది?"

"ఒక్కో రోజు రాదండి."

ఆవిడ చాప పరచలేదు. అంత గంభీరంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"ఇది మామూలు మందుకు లొంగదు పెద్దింట్లమ్మా. నలభై రోజులు మధ్యాహ్నం పూట నా ఇంట్లో, తలుపేసి ఇవ్వాలి. ఎవరైనా చూశారా, మందు విరిగిపోతుంది. దంపుడు పొద్దెక్కాకే. అందాకా ఇంకో పిల్ల మాట ఎత్తకూడదు."

"మరి ఇంటి పనండి?"

"బుట్టలో వేసి పంపు. మందు ఒళ్లు చూసుకుంటుంది, చేతులు ఖాళీయేగా."

పాపాయి రోజూ మినుములో కందులో బుట్టనిండా తెచ్చేది. సాయంత్రానికి విసిరిన పప్పు పట్టుకెళ్లేది. ముఖంలో కళ వచ్చింది. ఇరవయ్యో రోజున పెద్దింట్లమ్మ ఇక ఉండబట్టలేక వచ్చి తలుపు తోసేసింది. ఆ గది నా బడి అరుగు మీదికి తిన్నగా కనిపిస్తుంది.

పాపాయి మంచం మీద ఆదమరచి నిద్రపోతోంది. రత్నమాణిక్యం గారు చప్పుడు కాకుండా తిరగలి కింద తడి గుడ్డలు మడిచి వేసి, చెమటలు కక్కుతూ మినుములు విసురుతున్నారు.

"మందు ఇదాండీ?" అంది పెద్దింట్లమ్మ.

"పల్లేరుకాయల కషాయం కూడా ఇస్తున్నాను. వారమైంది, మంట లేదు. మొన్న నెలసరి వేళకే వచ్చింది. నిద్రలేని ఒంట్లో వేడి చేరుతుంది. మూత్రం మండుతుంది, గర్భం అలుగుతుంది. గొంతు తగ్గించు, పిల్ల లేస్తుంది."

పెద్దింట్లమ్మ మంచం వైపు చూసి గొంతు దించింది. ఆ తర్వాత ఆవిడ చెప్పింది వినడానికి నేను చెవులు రిక్కించవలసి వచ్చింది.

"నేనూ పాతికేళ్లు మూడో జాముకే లేచానండి. ఒక్కరూ పడుకోమనలేదు."

"తెలుసు. నీ కళ్ల కింద రాసుంది. జరిగి కూర్చో," అని రత్నమాణిక్యం గారు పక్కన చోటిచ్చారు. మిగిలిన మినుములు ఇద్దరూ కలిసి విసిరారు.

మాఘం వచ్చి వెళ్లిపోయింది. చినబాబుకు ఇంకో పిల్లని ఎవరూ చూడలేదు. మరుసటేడు పాపాయికి ఆడపిల్ల పుట్టింది. అది నిద్ర వల్లా, కషాయం వల్లా, దేవుడి దయ వల్లా అని ఊళ్లో వాదించుకున్నారు. రత్నమాణిక్యం గారు మాత్రం ఏ పక్షమూ పట్టలేదు.

బాగా పొద్దెక్కాక అత్తాకోడళ్లు ఉయ్యాల పక్కనే చెరో రోకలీ పట్టుకుని, చినబాబు మీద చాడీలు చెప్పుకుంటూ దంచేవారు. ఒకరి చాడీకి ఇంకొకరు పగలబడి నవ్వేవారు. ఆ నవ్వు వినడానికే రత్నమాణిక్యం గారు కాలువకు చుట్టుదారిన, వాళ్ల పెరటి మీదుగా వెళ్లేవారు.