నాన్న చుట్టుదారి

మొన్న గుర్‌గావ్‌లో మా ఆఫీసువాళ్ళకి ఉద్యోగుల ఆరోగ్యం మీద హఠాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది. క్యాంటీన్ పక్కగదిలో కుర్చీలు వేయించి, మెడలూ భుజాలూ పట్టడానికి ఇద్దరమ్మాయిల్ని పిలిపించారు. నా వంతు వచ్చేసరికి గదంతా వెచ్చచేసిన నువ్వులనూనె వాసన. కుర్చీదాకా వెళ్ళి, ఫోన్ వచ్చినట్టు నటించి వెనక్కి వచ్చేశాను. మసాజ్ మాస్టారి కూతురికి మసాజంటే భయమేమిటని అడిగేవాళ్ళు ఆ ఆఫీసులో లేకపోవడం నా అదృష్టం.

తొంభైల మొదట్లో మాది జనక్‌పురిలో, పై అంతస్తులో రెండుగదుల ఇల్లు. నాన్న కాకినాడ నుంచి ఢిల్లీకి టైపిస్టుగా వచ్చిన మనిషి. నాకు ఆరేళ్ళప్పుడు ఆయన చూపు, సాయంత్రం కొట్టు కట్టేసేవాడు ఒక్కో తలుపుచెక్కా పెట్టుకుంటూ వచ్చినట్టు, అంచుల నుంచి మొదలై లోపలికి మూసుకుపోయింది. ఏడాదిపాటు నవారుమంచం మీద కూర్చుని రేడియో విన్నాడు. తర్వాత ఎవరో చెబితే, చూపు లేనివాళ్ళకి మసాజ్ నేర్పేచోట చేరి, ఇంటికొచ్చి మా మీద సాధన చేసేవాడు. అమ్మ కలిపిన చపాతీపిండి మీద బొటనవేళ్ళు, నా పిక్కల మీద అరచేతులు. ఆయన మొదటి పేషెంటుని నేనే, మొదటి ఫిర్యాదూ నాదే. చపాతీలు మాత్రం ఆ ఏడాదంతా మెత్తగా వచ్చాయి.

చలికాలం వస్తే నాన్న పని డాబా మీదికి మారేది. పదకొండింటికి మంచు విడి ఎండ పడగానే, ఆరేసిన దూది రజాయిల మధ్య, నారింజతొక్కలూ వేరుశనగపొట్టూ నువ్వులూ బెల్లం వాసనేసే గజక్ ముక్కలూ చుట్టూ పరుచుకుని, కాలనీ అంకుల్స్ ఒక్కొక్కరే చొక్కా విప్పి మంచం మీద బోర్లా పడుకునేవారు. కింద సందులో మేం సుద్దముక్కతో గళ్ళు గీసి స్టాపు, అదే మన తొక్కుడుబిళ్ళ, ఆడుతుంటే పైనుంచి వాళ్ళ మూలుగులు వినిపించేవి. ఎండాకాలం అదే పని గదిలో, కూలర్ ముందు, తడిసిన వట్టివేళ్ళ వాసనలో. నాన్న రోజూ పొద్దున్నే గోళ్ళు తీసుకుని, గరుకు మిగిలిందేమోనని తన చెంప మీదే గీసి చూసుకునేవాడు. అరచేతులు వీపు మీద ఆన్చి, పడుకున్న మనిషి ఊపిరి నెమ్మదించేదాకా వేలు కదిపేవాడు కాదు.

"క్యా ఖన్నా సాబ్, కొత్త స్కూటరా?" అనేవాడు, గేర్లు మార్చి మార్చి బిగిసిన ఎడమభుజం పట్టుకోగానే.

"ఆప్‌కో కైసే పతా, మాస్టర్‌జీ?" అని, తనకెలా తెలిసిందా అన్నట్టు, కిందింటి ఖన్నా అంకుల్ మంచంలోంచే ఆశ్చర్యపోయేవాడు.

"యుద్ధంలో వెన్ను చూపితే పరువు తక్కువే. నా దగ్గర చూపకపోతేనే తక్కువ," అని నాన్న తర్వాత తెలుగులో మురిసిపోయేవాడు.

"చాల్లెండి, నూనె చల్లారిపోతంది," అనేది అమ్మ.

దీపావళికి ఆ వీపులన్నీ మిఠాయిడబ్బాలతో వచ్చేవి. అమ్మ అందరికీ పులిహోర పంపేది. అశోకా రోడ్‌లో మన రాష్ట్రం అతిథిగృహాల్లో దిగే మనవాళ్ళు నాన్నకి కబురు పెడితే, ఆ ఆదివారం మేమూ వెంట వెళ్ళి గోంగూరపచ్చడితో భోంచేసి వచ్చేవాళ్ళం. అలా తిరిగొస్తూ బస్సులో నాన్న ఓసారి అన్నాడు: "చూపున్నప్పుడు ఉద్యోగం చేశానే బుజ్జీ. పని మాత్రం ఇప్పుడే కనిపించింది."

పన్నెండో ఏట నాకు సిగ్గు వచ్చింది. కొత్తగా చేరిన స్కూల్లో రిచా అనే అమ్మాయి మీ నాన్న ఏం చేస్తారని అడిగితే, ఎముకల డాక్టరని చెప్పాను. అబద్ధంలో కూడా కండల దగ్గర్నుంచి ఎముకల దాకానే వెళ్ళగలిగాను, అంతకన్నా దూరం పోలేకపోయాను. ఓ సాయంత్రం బస్టాపు పక్క పాలబూత్ దగ్గర రిచా, నేను, ఇంకో ఇద్దరు నిలబడి ఐస్ తింటున్నాం. నాన్న బస్సు దిగి, కర్ర తాటించుకుంటూ మా వైపే వచ్చాడు. రెండడుగుల దూరంలో ఆగాడు.

"బేటా, టైమెంత?" అన్నాడు హిందీలో.

రిచా చెప్పింది. నేను ఊపిరి కూడా బిగబట్టాను. నోరు విప్పకపోతే నాన్నకి కనిపించనని నా లెక్క. ఆయన ఇంకాసేపు అలాగే నిలబడి, "అచ్ఛా. ఖుష్ రహో," అని దీవించి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి నాన్న ఇంటికి ఆలస్యంగా రావడం మొదలైంది. ఎందుకంటే, "గాలికి కాస్త తిరిగొస్తన్నా" అనేవాడు. వానాకాలంలో ఓ రోజు వెనకవీధిలో, కేబుల్ కోసం తవ్వి వదిలేసిన గోతిలో పడ్డాడు. కుడిమణికట్టు రెండుచోట్ల విరిగింది. చివరికి మా ఇంటికి నిజంగానే ఎముకల డాక్టరు కావలసి వచ్చాడు. ఎముక అతికింది, పట్టు మాత్రం రాలేదు. ఖన్నా అంకుల్ అభిమానం కొద్దీ రెండుసార్లు వచ్చి పడుకుని, "బహుత్ ఆరామ్ మిలా మాస్టర్‌జీ," అని, నొప్పంతా పోయినట్టే అన్నాడు. చేతికింద ఆయన భుజం ఇంకా బిగిసే ఉందని నాన్నకి తెలియకుండా ఎలా ఉంటుంది. రెండోసారి నాన్నే అన్నాడు, "ఇక రావద్దు సాబ్," అని. మళ్ళీ నవారుమంచం, మళ్ళీ రేడియో.

నాన్న పోయిన పదకొండో రోజున, అందరూ వెళ్ళాక, గిన్నెలు సర్దుతూ అమ్మ చెప్పింది: "ఆ రోజే చెప్పేరు నాకు. పాలబూత్ దగ్గర బుజ్జి ఉంది, తలనూనె వాసనొచ్చింది, పలకలేదు అన్నారు. స్నేహితులున్నారు, ఇబ్బంది పడతంది పాపం, రేపట్నించి వెనకవీధిలోంచి వస్తాను, దానితో అనకు అన్నారు."

కొబ్బరినూనెలో మెంతులు వేసి కాచి, ప్రతి ఆదివారం నా తలకి పట్టించింది ఆయనే. ఆ వాసనతో ఆ కాలనీలో తిరిగే పిల్లని నేనొక్కదాన్నే.

పోయిన శనివారం మెట్రో ఎక్కి జనక్‌పురి వెళ్ళాను. పాలబూత్ లేదు, పాత బస్టాపు లేదు, డాబాల మీద మంచాలు లేవు. ఖన్నా అంకుల్ ఉన్నచోట నాలుగంతస్తులు లేచి, కింద కార్లు పడుకున్నాయి. బస్టాపు ఉన్నచోటి నుంచి మా ఇల్లున్న చోటికి రెండు దారుల్లోనూ నడిచి చూశాను. నేరుగా నాలుగు నిమిషాలు. వెనకవీధిలోంచి, కళ్ళున్న నాకే, పదిహేడు. తేడా పదమూడు నిమిషాలు నాన్న రోజూ నాకు వదిలిపెట్టాడు. వాటితో నేనేం చేశానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. టీవీ చూసి ఉంటాను.