అప్పీలు లేని రాయి

గురజాలలో మా ఆఫీసుకు ఆనుకొని ఒక రాతి దుకాణం ఉంది. శంకుస్థాపన ఫలకాలు, సమాధి రాళ్లు, ఇంటిపేర్ల పలకలు అక్కడ చెక్కుతారు. మిషను రాయిని కోస్తున్నంతసేపూ దాని మీద నీళ్లు పోస్తూనే ఉంటారు. ఆ తడిసిన రాతిపొడి వాసన కిటికీలోంచి వచ్చి కేసు కట్టల మీద పరుచుకుంటుంది. తొలకరి వాసనలాగే ఉంటుంది గాని అందులో ఏదో కాస్త మాడిన వాసన కలిసి ఉంటుంది. మొన్న మధ్యాహ్నం ఒక దావా రాసుకుంటుండగా ఆ వాసన వచ్చింది. కలం ఆగిపోయింది. రాజ్యలక్ష్మి మేడం గుర్తొచ్చారు.

ఆమె ఈ ఊళ్లో సివిల్ వకీలు, నాకు సీనియర్. పల్లెల నుంచి వచ్చేవాళ్లకు ప్లీడరమ్మ. పోయిన వానాకాలంలో కన్నుమూశారు. పొట్టి మనిషి. నల్లకోటు భుజాల మీద ఎప్పుడూ వదులుగా వేలాడేది. కళ్లజోడు నెత్తి మీదే పెట్టుకొని బల్లంతా వెతికేవారు. కోపం ఎక్కువ, కానీ గొంతు పెంచేవారు కాదు. ఆమె వాదిస్తుంటే జడ్జీలు వినడానికి ముందుకు వంగేవాళ్లు. అరిచే వకీళ్ల మధ్య ఆ మెల్లని గొంతు కోసం హాలంతా నిశ్శబ్దమైపోవడం నేను చాలాసార్లు చూశాను.

నేను మాచర్ల నుంచి వచ్చాను. మా నాన్న బోరు మోటార్లు బాగుచేసేవాడు. లా చదివి వచ్చిన నన్ను జూనియర్‌గా పెట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఒకాయన పెళ్లెప్పుడని అడిగాడు, ఇంకొకాయన కుర్చీ ఖాళీ లేదన్నాడు. మేడం మాత్రం పేరు అడిగి, షమీమ్ అని చెప్పగానే ఒక పొలం గట్టు తగాదా ఫైలు చేతిలో పెట్టి చదవమన్నారు. మా క్లయింటు దావాను నేను దాదాపు కంఠస్థం చేసి వచ్చాను. ఆమె దాని గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు.

"ఎదుటోళ్లు ఏమంటన్నారు?" అన్నారు.

"అబద్ధం చెప్తున్నారు మేడం."

"అది సరేలే. ఏం అబద్ధం? ఎందుకు చెప్తన్నారు? ఆ కుర్చీలో కూచొని వాళ్ల వకీలువై నాతో వాదించు."

లేచి వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆ తరవాత ప్రతి కేసుకూ అదే పని అయింది. ఎదుటి పక్షం కుర్చీలో కూర్చొని నేను వాదించాలి, మా క్లయింటు తరఫున ఆమె జవాబు చెప్పాలి. చాలా నెలలు ఓడిపోతూనే ఉన్నాను. ఒక రోజు నా వాదనకు ఆమె దగ్గర జవాబు లేకపోయింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, గుమస్తాను పిలిచి మిరపకాయ బజ్జీలు తెప్పించారు. "ఇయ్యాలటికి నీకు మన కేసు అర్థమైందే," అన్నారు. ఆ ఒక్క మాటకు నేను ఇంటికి వెళ్లేదాకా బస్సులో నవ్వుకుంటూ కూర్చున్నాను.

ఆమెతో రోము నగరం చూసే అవకాశం అనుకోకుండా వచ్చింది. మేడం అక్కగారికి యాత్రలంటే ప్రాణం. ఇద్దరూ కలిసి యూరప్ వెళ్లాలని ఒక బృందంతో మాట్లాడుకున్నారు. ప్రయాణం ఇంకా కొన్ని నెలలు ఉందనగా అక్కగారు స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆవిడ బదులు నన్ను రమ్మన్నారు. మా నాన్న ఒప్పుకోడని చెబితే మేడం స్వయంగా మాచర్ల వచ్చి, షెడ్డులో విప్పేసిన మోటార్ల మధ్య స్టూలు వేసుకొని కూర్చున్నారు. "భాయ్, నీ కూతురు నాకు తోడొస్తందనుకోబాక. నేనే దానికి తోడుపోతన్నా," అన్నారు. నాన్న చేతుల మసి తుడుచుకుంటూ, "మీరుంటే నాకేం భయమమ్మా," అన్నాడు.

రోములో ఆ రోజు ఎండ మన పల్నాటి ఎండలాగే కాసింది. బృందాన్ని నడిపించే కుర్రాడు మమ్మల్ని ఒక పెద్ద కూడలికి తీసుకెళ్లాడు. చుట్టూ పాత భవనాలు, ఒక పక్క నీళ్ల ఫౌంటెను, ఐస్‌క్రీములు తింటూ తిరిగే జనం. మధ్యలో తెల్లటి పాలరాతి స్తంభం. తాడు చుట్టినట్టుగా కింది నుంచి పైదాకా దాని ఒళ్లంతా బొమ్మలే. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఒక చక్రవర్తి యుద్ధంలో గెలిచినందుకు గుర్తుగా నిలబెట్టారని కుర్రాడు చెప్పాడు. పది నిమిషాల్లో ఫొటోలు దిగితే పక్క వీధిలో తోలు బ్యాగుల కొట్లకు తీసుకెళ్తానన్నాడు. అందరూ ఫొటోలు దిగి బయలుదేరారు. మేడం కదల్లేదు.

"నువ్వు పో బాబూ. మేము హోటలుకొస్తాం."

"మీకు దారి తెలియదు కదా మేడం."

"నోరుంది గదా, అడుగుతాం."

మెడ ఎత్తి చూడటం కష్టంగా ఉందని ఫౌంటెను గట్టు మీద కూర్చున్నారు. నేను స్తంభం చుట్టూ తిరుగుతూ, ఫోన్ కెమెరాలో బొమ్మల్ని దగ్గరికి లాగి ఫొటోలు తీసి, తెచ్చి ఆమెకు చూపించాను. కింద సైనికులు పడవలు వరసగా కట్టి నది దాటుతున్నారు. కొంచెం పైన రెక్కల వాన దేవుడు చేతులు చాచి నిలబడ్డాడు. గడ్డం లోంచి, చేతుల మీద నుంచి నీళ్లు ధారలుగా కారుతున్నాయి. ఒక పక్క సైనికులకు దాహం తీరుతోంది, ఇంకో పక్క శత్రువుల గుర్రాలు ఆ వరదలోనే కొట్టుకుపోతున్నాయి. మేడం ఆ ఫొటోను చాలాసేపు చూశారు. ఒకే వాన ఇద్దరికీ రెండు రకాలుగా కురిసిందని నేను అంటే తల ఊపారు.

ఇంకా పైన పూరిగుడిసెలకు నిప్పు పెడుతున్నారు. ఒక సైనికుడు ఒక ఆడమనిషి జుట్టు పట్టుకొని లాగుతున్నాడు. ఆమె బిడ్డ చెయ్యి వదల్లేదు.

"ఎవురే వీళ్లు?"

"నది అవతలి తెగల వాళ్లు మేడం. వీళ్ల మీదే గెలిచారట."

"వాళ్ల పేర్లు ఏడన్నా ఉన్నయ్యా?"

మళ్లీ చుట్టూ తిరిగి చూసి వచ్చాను. లేవని చెప్పాను.

"అయితే ఇది ఎక్స్‌పార్టీ డిక్రీ," అన్నారు. ఎదుటి పక్షం కోర్టుకు రాకుండానే, వాళ్ల మాట వినకుండానే ఇచ్చే తీర్పుకు మా వృత్తిలో ఆ పేరు. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకొని ఆ తల్లి ముఖాన్నే చూస్తున్నారు. కొంతసేపటికి, "రాజు గెలుపు చెక్కమని చెప్పుంటాడు. ఆ చెక్కినోడు ఈమె బాధ కూడా చెక్కాడు చూడు. ఎవురూ చెప్పకపోయినా ఆమె తరపున నుంచున్నాడు," అన్నారు.

స్తంభం చివర ఉన్న చక్రవర్తి విగ్రహం ఎప్పుడో పోయిందనీ, ఇప్పుడున్నది ఒక క్రైస్తవ సాధువుదనీ ఫోనులో చదివి చెప్పాను. "అంత ఎత్తున పెట్టుకున్నా మిగల్లా," అన్నారు. తరవాత దారి అడుగుతూ, తప్పిపోతూ, హోటలుకు నడిచి వచ్చాం. దారిలో రెండుసార్లు ఆగి ఆ తల్లీబిడ్డల ఫొటో మళ్లీ చూపించమన్నారు.

ఆ మరుసటి ఏడాది ఆమె జీవితంలో పెద్ద కేసు ఒకటి గెలిచారు. కారంపూడి అవతల ఒక ఊరు, పేరు రాయను. రెండు వీధుల మధ్య ఉన్న ఖాళీ స్థలం ఎవరిదన్న తగాదా. అది నడుస్తున్న రోజుల్లోనే ఒకసారి కర్రలు లేచి ఎదుటి వీధి కుర్రాడు ఒకడు చనిపోయాడు. ముందు కర్ర ఎవరు ఎత్తారో ఇప్పటికీ తేలలేదు. స్థలం మా క్లయింట్లదేనని కోర్టు తీర్పు ఇచ్చింది. వాళ్ల పెద్ద కోటయ్య బుట్టెడు నిమ్మకాయలతో వచ్చి, స్థలం మధ్యలో విజయస్తంభం నిలబెడుతున్నామని, మేడమే దాన్ని ఆవిష్కరించాలని అడిగాడు. చూసి చెబుతానని మేడం నన్ను వెంటబెట్టుకొని ఆ ఊరు వెళ్లారు.

స్తంభం ఇంకా ట్రాక్టరు ట్రక్కులోనే పడుకొని ఉంది. నల్లటి రాయి. "చదవ్వే షమీ," అన్నారు. చదివాను. పైన గెలిచిన వాళ్ల పేర్లు. వాటి కింద, ఫలానా వాళ్ల దౌర్జన్యం మీద న్యాయం గెలిచిందంటూ ఎదుటి వీధి వాళ్ల ఇంటిపేరు. అడుగున అందమైన అక్షరాల్లో మేడం పేరు.

"ఎదుటి వీధి పిల్లలు బడికి ఎటు పోతారు కోటయ్యా?"

"ఇటే పోవాలమ్మా. ఇంకెటుంది దారి."

"రోజూ ఇది చదువుకుంటా పోతారన్న మాట."

కోటయ్య రాయి మీద దుమ్ము చేత్తో తుడిచాడు. అరుగు మీద కూర్చొని కందులు చెరుగుతున్న అతని భార్య చేట పక్కన పెట్టింది. "నేను మొత్తుకుంటానే ఉండానమ్మా. ఆ చచ్చిపోయిన పిల్లోడి పెళ్లాం నీళ్లకు ఇటే వచ్చుద్ది. దాని కళ్ల ముందు ఇదేందని," అంది.

"నువ్వు ఊరుకోవే," అన్నాడు కోటయ్య. మేడం వైపు తిరిగి, "ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగి గెలిచామమ్మా. చెప్పుకోగూడదా? ఇంతకీ మీరు మా వకీలా, వాళ్ల వకీలా?" అని అడిగాడు.

"మీ వకీలునే. అందుకే చెప్తన్నా. కోర్టు ఇచ్చిన తీర్పు కాగితం మీదుంది. దానికి అప్పీలుంటది. రేపు మీరూ వాళ్లూ కూచొని రాజీ పడితే దాన్ని మార్చుకోవచ్చు. ఈ రాయికి అప్పీలు లేదు. మీ పిల్లలూ వాళ్ల పిల్లలూ మారదామనుకున్నా ఇది మారనీదు. నా పేరు తీసెయ్యి. నేను రాను."

అతను బతిమాలాడు, తరవాత కోప్పడ్డాడు. చుట్టూ చేరిన మగవాళ్లలో ఒకడు ఎదుటోళ్ల దగ్గర డబ్బు తిన్నదేమోనని మాకు వినపడేలాగే అన్నాడు. నేను వెళ్లి కారు తలుపు తీసి పట్టుకున్నాను. మేడం ఏమీ విననట్టు కోటయ్య భార్యకు వెళ్లొస్తానని చెప్పి, నెమ్మదిగా నడిచి వచ్చి కారెక్కారు. గురజాల వచ్చాక, "అక్షరాలు చానా బాగా చెక్కాడు గదా," అన్నారు. నేను ఆశ్చర్యంగా చూశాను. "నా పేరు రాయి మీద చూసుకోవాలని నాకుండదా ఏందే," అని కిటికీ వైపు తిరిగారు. ఆమె మీద నాకున్న గౌరవం ఆ మాటతో ఇంకా పెరిగింది. అక్కర లేనిదాన్ని వదులుకోవడం ఎవరికైనా తేలికే. ఆమె తనకు ఇష్టమైనదాన్ని వదులుకున్నారు.

కోటయ్య వాళ్లు తమ మిగతా కేసులన్నీ వేరే వకీలుకు ఇచ్చేశారు. కొన్నాళ్లకు ఆ ఊరి వాళ్లెవరో కోర్టు దగ్గర కనిపించి, స్తంభం నిలబెట్టారని చెప్పారు. మేడం ముఖం వాడిపోయింది. కానీ దాని మీద ఇప్పుడు ఎవరి పేర్లూ లేవట. ఇంట్లో ఆడవాళ్ల గొడవ పడలేక కోటయ్య అక్షరాలన్నీ అరగదీయించి, ఊరి పేరు మాత్రం ఉంచాడట. మేడం కళ్లజోడు సర్దుకొని, "పోనీలే, దావా పాక్షికంగా డిక్రీ అయింది," అన్నారు. ఆ పూటంతా హుషారుగా ఉన్నారు.

ఇప్పుడు ఆ ఆఫీసులో నేనే కూర్చుంటున్నాను. పోయిన వారం అన్నదమ్ముల పంపకం దావా ఒకటి గెలిచాను. ఆ ఇద్దరిలో తమ్ముడు నా క్లయింటు. బంధువులతో, స్వీట్ల పెట్టెలతో ఆఫీసుకు వచ్చాడు. బయట టపాకాయల సంచీ పట్టుకొని మనుషులు నిలబడ్డారు. కిటికీలోంచి చూస్తే ఓడిపోయిన అన్న, అతని భార్య ఎండలో బస్సు కోసం నిలబడి ఉన్నారు. ఆమె సంచీని గుండెలకు హత్తుకొని ఉంది. నేను అందరినీ లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. టీ చెప్పాను.

"ఎందుకు మేడం, మేము పోతాం," అన్నాడు తమ్ముడు.

"ఆగు, బస్సు పోనీ," అన్నాను.

అతను కిటికీ దగ్గరికి వచ్చి చూశాడు. టీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. బస్సు వచ్చి వాళ్లిద్దరినీ ఎక్కించుకొని మలుపు తిరిగి కనపడకుండా పోయింది. అతను టపాకాయల సంచీ తీసుకొని బయటికి వెళ్లి బండి డిక్కీలో పెట్టి తాళం వేశాడు.